ఇక్కడివి, అక్కడివి

ఆంటీ పోయారన్న కబురుతో పాటే, ఆవిడకు ఏ చీర కట్టాలన్న ప్రశ్న కూడా నా దగ్గరికి వచ్చింది. జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న. ఢిల్లీలో, మునిర్కాలో నేను అద్దెకుండే గది మూడో అంతస్తులో ఉంటుంది, ఫోనేమో కింద ఇంటాయన దగ్గర. నాకెవరైనా ఫోన్ చేస్తే ఆయన మెట్ల కింద నిలబడి "ఏ మద్రాసీ, ఫోన్!" అని అరుస్తాడు. మాది నల్గొండ జిల్లా అని నాలుగేళ్లలో నలభై సార్లు చెప్పి ఉంటాను. దక్షిణం నుంచి వచ్చినవాళ్లంతా ఆయనకు ఒకటే రకం.

ఫోన్‌లో అంకుల్. "ఆంటీ పోయిందమ్మా. తెల్లవారుజామున, ఆస్పత్రిలో" అన్నారు. "ఇంటికి తీసుకొచ్చాం. ముత్తైదువ కదా, పట్టుచీర కట్టాలంటున్నారు పక్కవాళ్లు. ఏది ఏ పెట్టెలో ఉందో నాకేం తెలుసు? నీకైతే తెలుసు కదా అని..." అని ఆగిపోయారు. నిజమే, నాకు తెలుసు. ఆ ఇంట్లో ఏ వస్తువు ఏ రకమో ఆవిడ తర్వాత తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కానీ ఆ గడప తొక్కి అప్పటికి పదమూడు నెలలు.

ఆవిడ మీలో ఎవరికీ తెలిసి ఉండదు. ఊరు కాకినాడ. ఆర్కే పురం సర్కారీ క్వార్టర్లో పాతికేళ్లు కాపురం చేసి, ఒక్కరోజు కూడా అక్కడ ఉంటున్నానని అనుకోని మనిషి. పిల్లల్లేరు. నాకు చుట్టం కాదు. ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాయాల్సినచోట ఒకసారి రాసేశాను, అదెక్కడో చెబుతాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. అయితే నాకు ఆవిడ మీద కోపం ఇంకా పోలేదు. దాన్ని దాచి రాస్తే అది ఆవిడ గురించి రాసినట్టు కాదు.

మొదటిసారి ఆవిడను చూసింది మునిర్కా బజారులో, గిన్నెల దుకాణం ముందు. కొత్త స్టీలు గ్లాసులు ఆరు కొని వాటి మీద పేరు కొట్టించుకోవడానికి నిలబడింది. పేర్లు కొట్టే అతను హిందీలో అయితే కొడతానంటాడు, ఈవిడ ఒప్పుకోదు.

"తెలుగు! తెలుగు మంగ్తా! హిందీ నై!"

"మద్రాసీ నహీ ఆతా, బహెన్‌జీ."

"మద్రాసీ ఏవిట్రా నీ మొహం, తెలుగు!"

నాకు నవ్వాగలేదు. గిరుక్కున తిరిగింది. "తెలుగు పిల్లవా? నవ్వడం తర్వాత, రాయడం వచ్చా?" అంది. యూనివర్సిటీలో ఎం.ఫిల్ చేస్తున్న నన్ను పట్టుకుని! నోట్సులోంచి కాగితం చింపి, ఆవిడ చెప్పినట్టు ఆవిడ పేరు రాశాను, దాని కింద కాకినాడ అని రాశాను. ఆ అబ్బాయి దాన్ని ముగ్గు చూసి వేసినట్టు చూసి చూసి గ్లాసు మీద దింపాడు. చివరి అక్షరం పక్కన నా పెన్ను కక్కిన సిరా చుక్కను కూడా అక్షరమే అనుకుని ఆరు గ్లాసుల మీదా దింపాడు. నేను నొచ్చుకున్నాను. ఆవిడ గ్లాసును వెలుగులో పెట్టి చూసి, "పోనీలే, దిష్టిచుక్క పెట్టినట్టుంది" అంది. ఆ కాగితాన్ని మడిచి పర్సులో దాచుకుంది. ఆ తర్వాత ఏ గిన్నె కొన్నా అదే కాగితం, అదే చుక్క.

అప్పుడే ఇంటికి తీసుకెళ్లి కాఫీ ఇచ్చింది. ఆ కొత్త గ్లాసులో కాదు. వాటిని తుడిచి, న్యూస్‌పేపర్లో చుట్టి, దీవాన్ మంచం పలక ఎత్తి అందులో సర్దేసింది. నాకు ఇచ్చింది పేరు లేని పాత గ్లాసు, అంచు దగ్గర సొట్ట. "అవి అక్కడికే. ఇక్కడికి ఇవి చాలు" అంది. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

ఆవిడ ఇంట్లో ప్రతి వస్తువూ రెండే రకాలు. ఇక్కడివి, అక్కడివి. ఇక్కడ అంటే ఢిల్లీ. అక్కడ అంటే కాకినాడ శివార్లలో వాళ్లు కొనుక్కున్న రెండు వందల గజాల స్థలం. అంకుల్ రిటైరయ్యాక అందులో ఇల్లు కడతారు, ఆ ఇంట్లో ఆవిడ అసలు కాపురం మొదలుపెడుతుంది. అందాకా గడుపుకోవడానికి చెవి విరిగిన కప్పులు, రబ్బరు మార్చని పాత కుక్కరు, వెలిసిన దుప్పట్లు. అక్కడికేమో పేరు కొట్టిన స్టీలు సామానంతా, పాలిథిన్ తియ్యని మిక్సీ, ఒక్కసారి కూడా బ్యాటరీ వెయ్యని గోడగడియారం, ఖుర్జా నుంచి తెప్పించిన పింగాణీ ప్లేట్లు, ఆరు పట్టుచీరలు. మంచి వస్తువులన్నీ దీవాన్ లోపల, ఆవిడ పైన. పైన పరిచిన బొంత మాత్రం ఇక్కడిది.

ఇందులో ఇంకో రూలు కూడా ఉంది, అది అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. అక్కడి వస్తువుకు గీత పడినా, సొట్ట పడినా ఇక్కడిదైపోతుంది. ఇక్కడిది మాత్రం ఎంత తోమినా, ఎంత మెరిసినా అక్కడిది కాదు. ఆ దారి ఒకవైపే. ఒక్క ఆవకాయ మాత్రమే దీనికి లొంగలేదు. ప్రతి ఎండాకాలం పెట్టేది, అందరికీ పంచేది, తాను తినేది. "అదెలా దాస్తావే, బూజు పట్టదూ?" అనేది. ఆ ఒక్కదాంట్లోనే ఆవిడ బతికినట్టు బతికిందనిపిస్తుంది నాకు.

మనుషులకు కూడా ఈ పద్ధతి ఉండేది. కింద బండి పెట్టుకుని ఇస్త్రీ చేసే ప్రెస్‌వాలా, యూపీలోని బలియా జిల్లా మనిషి, ఆ కాలనీలోనే ముసలివాడయ్యాడు. అతను మంచినీళ్లడిగితే కిటికీ ఊచకు వేలాడే నీలం ప్లాస్టిక్ మగ్గులో పోసేది. చెత్త తీసుకెళ్లే ఆమెకు కూడా అదే మగ్గు. అది ఇంట్లోకి వచ్చేది కాదు. "ఏంది ఆంటీ, ఒక గ్లాసు ఇస్తే ఏమైతది?" అని ఒకసారి అడిగాను. "మీ వైపు మీరెలా చేస్తారో నాకు తెలీదమ్మా, మా ఇంట్లో ఇంతే" అంది. ఇంటాయన నన్ను మద్రాసీ అంటే ఒకసారి మా గల్లీలోకొచ్చి అతనితో కొట్లాడిన మనిషే ఈ మాట అన్నది. నేను గట్టిగా అడగాల్సింది. అడగలేదు. ఆ ఇంట్లో అన్నం తింటున్నాను మరి.

అన్నం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. నేనొచ్చిన మొదటి ఏడాది మునిర్కా నీళ్లకు కామెర్లు వచ్చాయి. ఇంటికి రాస్తే అమ్మ కంగారుపడుతుందని రాయలేదు. రెండు రోజులు నేను కనపడకపోయేసరికి ఆవిడే వెతుక్కుంటూ మూడంతస్తులు ఎక్కి వచ్చింది. కళ్లు చూసి, ఒక్క మాట మాట్లాడకుండా నా బట్టలు సంచిలో పెట్టింది. మూడు వారాలు వాళ్లింట్లో ఉన్నాను. మెత్తటి అన్నం, మజ్జిగ, చెరుకురసం. జుట్టు దువ్వేది. నా భాషను వెక్కిరించేది. "ఏడకి పోతున్నవ్ అని పిలిస్తే ఏదో కేకలేసినట్టుంటుందే మీ తెలంగాణా వాళ్లు" అనేది. "మీరు ఆయ్, ఆయ్ అంటుంటే ఎవర్నో తోలినట్టుంటది ఆంటీ" అనేదాన్ని. పకపకా నవ్వేది. కన్నతల్లి తప్ప అంత చేసినవాళ్లు నాకు ఇంకొకరు లేరు. ఈ మాట ఆవిడకు చెప్పలేదు.

ఆ మూడు వారాలూ నేను సొట్ట గ్లాసులోనే తాగాను. ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్లినన్నాళ్లూ అందులోనే. అది నా గ్లాసు అనేది ఆవిడ, ఇంకెవరికీ ఇచ్చేది కాదు. నా మనసులో ఒక పిచ్చి కోరిక ఉండేది, ఇప్పుడు దాచడం దేనికి? ఎప్పుడో ఒకరోజు కాగితం ఇచ్చి, "నీ పేరు కూడా రాయవే, అక్కడికి వచ్చినప్పుడు నీకంటూ ఒక గ్లాసు ఉండాలిగా" అంటుందని. ఎన్నో గిన్నెల మీద తన పేరు వేయించింది. ఆ మాట అనలేదు.

పోవడానికి పదమూడు నెలల ముందు, డిసెంబరులో, ఆవిడకు దగ్గు పట్టుకుంది. అంకుల్ టూర్లో ఉన్నారు. నేను తోడు వెళ్లాను. పొగమంచు మధ్యాహ్నమైనా విడవలేదు. దీవాన్ మీద ముడుచుకుని పడుకుని దగ్గుతోంది. పైన కప్పుకున్న పాత రజాయిలో దూది ముద్దలు కట్టి, ఒకచోట మూటలా, ఒకచోట ఉత్త గుడ్డలా ఉంది. ట్రంకు పెట్టెలో జైపూర్ రజాయి ఉందని నాకు తెలుసు. ఎర్రటిది, చిన్న చిన్న పూలు, చీటీ కూడా తియ్యలేదు. కాకినాడకని కొన్న రజాయి! ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆవిడ కునుకు తీస్తుంటే పెట్టె తెరిచి అది తీసి కప్పాను. రెండు గంటలు ఒక్కసారి కూడా దగ్గకుండా పడుకుంది. అన్నాళ్ల తర్వాత ఆ ముఖం హాయిగా ఉంది. నాకెంత సంతోషమైందో!

లేచి చేత్తో తడిమి చూసుకుంది.

"ఏవిటే ఇది?"

"రజాయి ఆంటీ. వెచ్చగుందా?"

"ఇది అక్కడిది."

"కాకినాడల చలి ఏడుంటది ఆంటీ? ఉక్కకు చస్తరు గదా ఆడ."

"నిన్నెవరు తియ్యమన్నారు?"

లేచి కూర్చుని మడతపెట్టడం మొదలుపెట్టింది. ఒక మడత, ఒక దగ్గు. సాయం పట్టబోతే "ముట్టుకోకు" అంది. పెట్టెలో పెట్టి మూత వేశాక, నా వైపు చూడకుండా అంది. "రేపు మేం వెళ్లిపోతాం. నువ్వూ ఈ గోడలూ ఇక్కడే ఉంటారు. నీకేం తెలుస్తుందే."

"అవును, నేను సొట్ట గ్లాసునే గదా మీకు" అని చెప్పులేసుకుని వచ్చేశాను. దగ్గుతున్న మనిషిని ఒంటరిగా వదిలి వచ్చేశాను. అది కూడా రాయాలి కదా.

ఆ పదమూడు నెలల్లో ఆవిడ ఒక్కసారి కబురు పెట్టింది. జూన్‌లో ప్రెస్‌వాలా నా గదికి డబ్బా తెచ్చాడు, నిండా కొత్తావకాయ. మూత మీద ఆవిడ పేరు, కాకినాడ, సిరా చుక్క. అక్కడి డబ్బా. దీవాన్ పలక ఎత్తి, కాగితం విప్పి, నా కోసం తీసిన డబ్బా. నాకు అప్పుడే అర్థమైంది. తర్వాత ఎప్పుడో తెలిసిందని అబద్ధం చెప్పను. అర్థమై కూడా బిగుసుకున్నాను. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదని, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇవ్వాలని మా అమ్మ చెప్పింది, ఆవిడా చెప్పింది. నేను డబ్బాను శుభ్రంగా తోమి, తుడిచి, ఖాళీగా పంపాను. ఆవకాయ మాత్రం తిన్నాను.

చీర కోసం వెళ్లిన రోజుకు వస్తాను. ఆవిడను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. ఆస్పత్రి ఎర్ర కంబళి ఇంకా కాళ్ల మీద ఉంది. న్యుమోనియా అన్నారు. ఒక రజాయి కప్పుకుంటే న్యుమోనియా రాదని ఏ డాక్టరూ అనడు, నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఏం లాభం? నేరుగా లోపలికెళ్లి ట్రంకు పెట్టె అడుగు నుంచి చిలకాకుపచ్చ పట్టుచీర తీశాను. పెళ్లిలో కట్టుకున్నదట, పెద్ద జరీ అంచు. ఎన్నేళ్ల నుంచి ఒకే మడత మీద ఉందో. విప్పబోతే మడత దగ్గర చిరిగింది. మెల్లగా రెండో మడత విప్పాను, అక్కడా చిరిగింది. పక్కింటి పంజాబీ ఆంటీ "హాయ్ రబ్బా" అని నోరు మూసుకుంది. మిగతా ఐదూ తీశాం. రెండు అలాగే మడతల దగ్గర విడిపోయాయి, మూడింటికి మచ్చలు. చివరికి తాడు మీద ఆరేసి ఉన్న నేత చీర తెచ్చి కట్టాం, ప్రెస్‌వాలా అప్పటికప్పుడు ఇస్త్రీ చేసి ఇచ్చాడు. ఇక్కడిదే. నేను ఏడుస్తున్నానని అందరూ ఓదార్చారు. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉంది, అది ఎవరి మీదో చెప్పలేకపోయాను.

పన్నెండో రోజు అయ్యాక అంకుల్ నన్ను కూర్చోబెట్టి, "ఈ సామానంతా ఎవరికైనా ఇచ్చేద్దామమ్మా. నువ్వే చూడు" అన్నారు.

"కాకినాడకు పంపరా అంకుల్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అక్కడేముందమ్మా? ఆ స్థలం అమ్మేసి ఏడేళ్లయింది. మా తమ్ముడి ఆపరేషన్‌కి. చెబుదాం చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. గిన్నెల మీద పేరు కొట్టించుకుని మురిసిపోయేది కదా, నోరు రాలేదు."

ఏడేళ్లు. నేను ఆవిడకు పరిచయమైంది నాలుగేళ్ల కిందట. అంటే నా కాగితం నుంచి గిన్నెలకెక్కిన ప్రతి కాకినాడా లేని ఇంటికి రాసిందే. ఆవిడకు తెలుసా అని అడిగాను. తెలియదు, తెలిసే వీల్లేదన్నారు అంకుల్. ఆయన మంచివారు, ఎవరి మీదా గొంతెత్తి ఎరగరు. ఆ రోజు ఆయన మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగా అరుద్దామనుకున్నాను. ఎదురుగా ముసలాయన కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. లేచి దీవాన్ పలక ఎత్తాను.

రెండు రోజులు పట్టింది. చెత్త తీసుకెళ్లే ఆమెకు, మెట్లు కడిగే ఆమెకు, కాలనీ చౌకీదారుకు, ప్రెస్‌వాలాకు, ఎవరు వస్తే వాళ్లకు తీసి ఇచ్చాం. మిక్సీ మెట్లు కడిగే ఆమె కోడలికి వెళ్లింది. ఎర్ర రజాయి చౌకీదారుకు ఇచ్చాను, ఈ రాత్రే కప్పుకోవాలని ఒట్టు పెట్టించుకుని మరీ ఇచ్చాను. నన్ను వింతగా చూశాడు. "నువ్వూ ఏదైనా తీసుకో" అన్నారు అంకుల్. నా సొట్ట గ్లాసు కోసం వంటిల్లంతా వెతికాను. పాత సామానంతా దీపావళికి ముందు, పాతవి తీసుకుని కొత్త గిన్నెలిచ్చే బర్తన్‌వాలీకి వేసేసిందట. ఖాళీ డబ్బాకు ఆవిడ ఇచ్చిన జవాబో, మామూలు పండగ శుభ్రమో, ఇక ఎవర్ని అడగాలి? జాడీ అడుగున పావు వంతు ఆవకాయ ఉంటే అది తెచ్చుకున్నాను. ఇదంతా రాసే నాటికి అదీ అయిపోవచ్చింది.

ఏప్రిల్‌లో ఒకరోజు అంకుల్‌ను చూసి వస్తూ ప్రెస్‌వాలా బండి దగ్గర ఆగాను. ఎండ మాడ్చేస్తోంది. బండికి ఒకవైపు కుండ, దాని మీద కిటికీ ఊచకు వేలాడిన ఆ నీలం మగ్గు బోర్లించి ఉంది. సామాను ఇచ్చిన రోజు అదీ పట్టుకెళ్లినట్టున్నాడు. నన్ను చూడగానే ఏదో గుర్తొచ్చి, బండి కింది అరలోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీసి విప్పాడు. ఆ ఆరు గ్లాసుల్లో ఒకటి. అద్దంలా తోమి ఉంది. పేరు మీద వేలు పెట్టి, "బీబీజీ కా నామ్ హై నా?" అన్నాడు. అవునన్నాను. చుక్క మీద కూడా వేలు పెట్టి చూపించాడు, దాన్ని కూడా పేరులో అక్షరమే అనుకుంటూ.

"బాబా, అందులో నీళ్లు పోసివ్వు" అని నాకొచ్చిన హిందీలో అడిగాను. నాకు ఒక్కసారైనా అందులో తాగాలనిపించింది.

అతను గ్లాసును వెనక్కి లాక్కున్నాడు. "నహీ బేటీ, యే అచ్ఛావాలా హై. యే గావ్ లే జాఊంగా" అన్నాడు. ఇది మంచి గ్లాసట, ఊరికి పట్టుకెళ్తాడట. ఊళ్లో ఇల్లు వేస్తున్నాడట, ఇంకో రెండేళ్లలో వెళ్లిపోతాడట. గ్లాసును మళ్లీ అదే కాగితంలో, అంచులు మడిచి చుట్టి, అర లోపలికి తోసేశాడు. కుండ మీది నీలం మగ్గు తీసి, రెండుసార్లు కడిగి, నిండా నీళ్లు పోసి నా చేతికిచ్చాడు.

అక్కడే, బండి పక్కన నిలబడి, మగ్గు ఎత్తి తాగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి.